ఫీడ్‌బ్యాక్ ఫారంలో పిల్లల్ని ఏం అడగాలి?

అందరికీ నమస్కారం.

కొత్తగా లెక్చరర్లుగా చేరిన మీకు పాఠం ఎలా చెప్పాలో ఈ శిక్షణలో చాలామంది చెప్పే ఉంటారు. నేను ఆ తర్వాతి సంగతి మాట్లాడతాను. మీ పాఠం మీద, మీరు వేసే మార్కుల మీద పిల్లలకు ఒక అభిప్రాయం ఉంటుంది. దాన్ని ఎంతవరకు నమ్మాలి, దాంతో ఏం చెయ్యాలి అన్నదే ఇవాళ్టి విషయం.

మీరు చేరి నెల తిరక్కుండానే పిల్లలు మీకో ముద్ర వేసేస్తారు. “ఆ సార్ లిబరల్ రా, పేజీలు నింపితే చాలు”, “ఆ మేడం చాలా స్ట్రిక్ట్, స్టెప్ మిస్సయితే కట్”, “పాఠం బాగానే చెప్తారు గానీ డౌట్ అడిగితే కసురుకుంటారు”. హాస్టల్ గదుల్లోంచి, క్యాంటీన్‌లోంచి ఈ మాటలు జూనియర్ల దాకా వెళ్లిపోతాయి. ఇవి విని కోపం తెచ్చుకునే లెక్చరర్లున్నారు, అసలు చెవిన పెట్టని వాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే. నిదానంగా చూస్తే ఇందులో మొదటి మాట ఒక అంచనా. మూడోది కళ్లారా చూసి చెప్పిన సంగతి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

2022లో న్యూయార్క్ యూనివర్సిటీలో జరిగిన గొడవ మీలో కొందరు చదివే ఉంటారు. నేనూ కెమిస్ట్రీ చెప్పేవాణ్ణే కాబట్టి నాకు అది మనసులో నిలిచిపోయింది. మెయిట్‌లాండ్ జోన్స్ అనే ప్రొఫెసర్ ఆర్గానిక్ కెమిస్ట్రీలో పేరున్న మనిషి. ప్రిన్స్‌టన్‌లో దశాబ్దాలు పాఠం చెప్పి, అక్కడ రిటైరయ్యాక న్యూయార్క్ యూనివర్సిటీలో ఏడాదికేడాది కాంట్రాక్టు మీద పనిచేశారు. రియాక్షన్లు బట్టీ పట్టించే పద్ధతి ఆయనకు నచ్చదు. సమస్య ఇచ్చి, అణువు ఎందుకు అలా ప్రవర్తిస్తుందో పిల్లలే ఆలోచించి చెప్పాలంటారు. ఇంటర్లో నేమ్ రియాక్షన్లు వరసగా అప్పజెప్పి వచ్చిన మన పిల్లలకు ఈ పద్ధతి మొదట్లో ఎంత టెన్షన్ పెడుతుందో నాకు బాగా తెలుసు.

ఆ ఏడాది ఆయన క్లాసులో 350 మంది ఉంటే, వాళ్లలో 82 మంది ఒక పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. మేం పెట్టిన టైముకీ పడ్డ కష్టానికీ తగ్గ మార్కులు రావడం లేదన్నారు. మిడ్‌టర్మ్ పరీక్షలు తగ్గించారు, ఒకటి పోతే కోలుకునే దారి లేదన్నారు. మమ్మల్ని తక్కువ చేసి మాట్లాడతారని కూడా అన్నారు. ఆయన్ని తీసెయ్యమని మాత్రం అందులో ఎక్కడా అడగలేదు. ఆగస్టులో, కొత్త సెమిస్టర్ మొదలవబోతుండగా, యూనివర్సిటీ ఆయన కాంట్రాక్టును ఆపేసింది. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు.

ఆయన వైపు మాట కూడా వినాలి. కోవిడ్ తర్వాత పిల్లలు ప్రశ్నను సరిగ్గా చదవడం కూడా మానేశారని, సున్నాలు సైతం రావడం మొదలైందని ఆయన అన్నారు. కోవిడ్ కాలంలో మరో ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి 52 పాఠాలు వీడియో తీయించారు, దానికి 5,000 డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టుకున్నారు. పిల్లలంటే పట్టనివాడు చేసే పని కాదది. యూనివర్సిటీ వాళ్లేమో సైన్స్ కోర్సులన్నిటిలో ఈ కోర్సుకు వచ్చిన ఫీడ్‌బ్యాకే అధ్వానంగా ఉందని, మార్కులు ఎలా వేస్తున్నారో తెలియడం లేదన్న ఫిర్యాదులు పదేపదే వచ్చాయని చెప్పారు.

పత్రికల్లో జనం రెండు జట్లుగా విడిపోయారు. పిల్లలు సుఖానికి మరిగారని కొందరు, పాత మాస్టార్లు మారరని కొందరు. నాకు రెండు జట్లూ నచ్చలేదు. ఆ గొడవలో మూడు వేర్వేరు ఫిర్యాదులున్నాయి. కోర్సు కష్టంగా ఉందన్నది ఒకటి. మార్కుల లెక్క తెలియడం లేదన్నది ఇంకొకటి. గౌరవంగా మాట్లాడటం లేదన్నది మూడోది. అక్కడ డాక్టరవ్వాలనుకునేవాళ్లు ముందుగా చదవాల్సిన ఈ కోర్సు ఎంత కష్టంగా ఉండాలో సంతకాలు లెక్కపెట్టి తేల్చలేం. మిగతా రెండింటి విషయంలో మాత్రం పిల్లలకంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. మార్కు ఎందుకు తగ్గిందో తనకు అర్థమైందో లేదో ఆ పిల్లవాడికే తెలుస్తుంది. యూనివర్సిటీ ఈ మూడింటినీ ఒకే మూటగట్టి, ఎవరూ అడగని పరిష్కారం ఇచ్చింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ప్రొఫెసర్‌కి ఎంత అన్యాయమో, మార్కుల లెక్క చెప్పమని అడిగిన పిల్లలకూ అంతే అన్యాయం.

పాఠం బాగుందో లేదో పిల్లలకు తెలియదా అని మీరు అడగొచ్చు. అమెరికా వాయుసేన అకాడమీలో జరిగిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్తుంది. కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో దాన్ని ప్రచురించారు. అక్కడ ఏ విద్యార్థి ఏ ప్రొఫెసర్ సెక్షన్లో పడాలన్నది లాటరీ తీసినట్టే జరుగుతుంది. సెక్షన్లన్నిటికీ పరీక్ష ఒకటే. కాబట్టి పోలిక సరిగ్గా కుదురుతుంది. తేలిందేమిటంటే, కొందరు ప్రొఫెసర్ల పిల్లలకు ఆ సెమిస్టర్లో మంచి మార్కులొచ్చాయి, ఆ ప్రొఫెసర్లకు ఫీడ్‌బ్యాక్ కూడా బాగా వచ్చింది. తీరా ఆ సబ్జెక్టు మీద ఆధారపడిన తర్వాతి కోర్సుకు వెళ్లాక అదే పిల్లలు వెనకబడ్డారు. అనుభవం ఎక్కువున్న ప్రొఫెసర్ల దగ్గర చదివినవాళ్లకు అప్పుడు తక్కువ మార్కులొచ్చినా తర్వాత నిలదొక్కుకున్నారు. సెమిస్టర్ చివర్లో ఫారం నింపుతున్న పిల్లవాడికి ఆ తర్వాతి కోర్సు సంగతి ఎలా తెలుస్తుంది? అది అతని తప్పు కాదు. తెలియనిది అడుగుతున్న మనదే తప్పు.

కళ్లతో చూసింది చెప్పినా ఒక్కోసారి పొరపాటు వస్తుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఒక ఆన్‌లైన్ కోర్సు మీద 2015లో వచ్చిన చిన్న పరిశోధన ఒకటుంది. ఒక ఆడ, ఒక మగ ఇన్‌స్ట్రక్టర్ ఒక సెక్షన్లో తమ పేరుతో, ఇంకో సెక్షన్లో రెండోవాళ్ల పేరుతో చెప్పారు. పిల్లలు వాళ్ల ముఖాలు చూడలేదు. దిద్దిన అసైన్‌మెంట్లు అందరికీ ఒకే సమయంలో తిరిగిచ్చారు. అయినా “టైముకి ఇచ్చారా” అన్న ప్రశ్నకు మగ పేరుకే ఎక్కువ రేటింగ్ పడింది. ఇక్కడున్న మేడమ్‌లు ఇది గుర్తుపెట్టుకోండి. మీకు రేటింగ్ తక్కువొస్తే, దిద్దిన పేపర్లు ఏ తేదీన తిరిగిచ్చారో రిజిస్టర్లో రాసి ఉన్నది తీసి చూపించండి. మగవాళ్లు కూడా రాసుకోండి, లెక్క అందరికీ ఒకటే.

కెనడాలో 2018లో రయర్సన్ యూనివర్సిటీకీ అక్కడి అధ్యాపకుల సంఘానికీ మధ్య నడిచిన కేసులో ఒక మధ్యవర్తి, ఫీడ్‌బ్యాక్ సగటు అంకెలతో బోధన ఎంత బాగుందో కొలిచి ప్రమోషన్లు తేల్చకూడదని తీర్పిచ్చారు. క్లాసులు ఎగ్గొట్టారా, పేపర్లు వెంటనే ఇచ్చారా, మాట స్పష్టంగా ఉందా లాంటివి పిల్లలు చెప్పగలరని కూడా ఆయనే అన్నారు. నాకు సరైన హద్దు అదే అనిపిస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఫీడ్‌బ్యాక్ రోజు ఏం జరుగుతుందో మీరు విద్యార్థులుగా చూసినవాళ్లే. లాస్ట్ అవర్లో సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) వచ్చి, “లింక్ వచ్చింది, నింపితేనే హాల్ టికెట్ అంట” అంటాడు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి పదేసి ప్రశ్నలు, ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా ఐదు గడులు. బస్సు కదిలే టైమైంది. ఒకే గడిలో పైనుంచి కిందికి టిక్కులు పడిపోతాయి. అందులో ఒక ప్రశ్న చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది: “అధ్యాపకుడికి సబ్జెక్టుపై పట్టు ఎంత?” ఆ సబ్జెక్టు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లవాణ్ణి ఈ మాట ఎలా అడుగుతాం? ఆ టిక్కుల సగటు తీసి, ఆ అంకెతో లెక్చరర్ ఇంక్రిమెంటు తేల్చే యాజమాన్యాలున్నాయి. ఇప్పుడు దీని పక్కన ఇంటర్నల్ మార్కులు, అంటే కాలేజీలో మనమే వేసే మార్కులు పెట్టి చూడండి. జేఎన్టీయూ హైదరాబాద్ 2018 నాటి ఆర్18 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కి వందలో 25 మార్కులుండేవి, 2022 నాటి ఆర్22లో అవి 40 అయ్యాయి. అంటే మన చేతిలో మార్కులు పెరిగాయి, మన రేటింగ్ వాళ్ల చేతిలో ఉంది. ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేకుండానే ఇచ్చిపుచ్చుకోవడం మొదలైపోతుంది. దీనికి ఒక్క లెక్చరర్‌ని నిందించి లాభం లేదు.

దీన్నుంచి బయటపడే దారి నాకు ఒక్కటే కనిపించింది: వేసిన ప్రతి మార్కుకూ కారణం చెప్పగలగాలి. నా సబ్జెక్టులోంచే ఒక ప్రశ్న తీసుకుందాం. 2-బ్రోమోబ్యుటేన్‌ని ఆల్కహాలిక్ కేఓహెచ్‌తో వేడి చేస్తే వచ్చే ప్రధాన ఉత్పన్నం ఏది, ఎందుకు? ఐదు మార్కులు. జవాబు 2-బ్యూటీన్. ఒకమ్మాయి 1-బ్యూటీన్ అని రాసింది. కానీ ఇది ఎలిమినేషన్ (అణువులోంచి హైడ్రోజన్, బ్రోమిన్ పోయే రియాక్షన్) అని గుర్తుపట్టింది, ఎలక్ట్రాన్ల కదలికకు బాణాలు సరిగ్గా వేసింది. కాకపోతే హైడ్రోజన్‌ని తప్పు కార్బన్ మీంచి తీసింది. స్ట్రిక్ట్ అని పేరున్న సార్ జవాబు తప్పంటూ సున్నా చుడతారు. లిబరల్ సార్ పేజీ నిండుగా ఉంది కదా అని నాలుగు వేస్తారు. ఇద్దరూ ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు. రియాక్షన్ రకానికి ఒకటి, బాణాలకు రెండు, ఉత్పన్నానికి ఒకటి, ఎక్కువ స్థిరమైన ఆల్కీనే ప్రధానంగా వస్తుందనే జైట్‌సెఫ్ నియమం చెప్పినందుకు ఒకటి అని ముందే ఒక స్కీమ్ రాసిపెట్టుకుని ఉంటే ఆమెకు మూడు వస్తాయి. పోయిన రెండు ఎక్కడ పోయాయో ఎర్ర పెన్నుతో నాలుగు మాటల్లో రాస్తే చాలు: “ఎక్కువ స్థిరమైన ఆల్కీన్ ఏది?” ఆ ప్రశ్న చదివాక ఆమె ఆ తప్పు మళ్లీ చెయ్యకపోవచ్చు. మీరు స్ట్రిక్టా లిబరలా అన్న చర్చకూ పెద్దగా చోటుండదు.

బయటివాళ్లు దిద్దే ఎక్స్‌టర్నల్స్‌లో ఈ అవకాశం లేదు. పేపర్ మీద కోడ్ వేస్తారు, స్పాట్ వాల్యుయేషన్లో ఎవరో దిద్దుతారు, పిల్లవాడికి అంకె మాత్రమే చేరుతుంది. ఆ అంకె ఎంత తప్పుగా ఉండొచ్చో 2019లో చూశాం. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని, రాసినవాళ్లు దాన్ని చూడొచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కోర్టు దాకా వెళ్లి సాధించుకున్న ఆ హక్కును కాలేజీలో మనమే దిద్దే మిడ్స్ విషయంలో మనం క్లాసులోనే, అడక్కుండానే ఇవ్వొచ్చు. పేపర్లు తిరిగివ్వండి, స్కీమ్ నోటీసు బోర్డులో పెట్టండి, “ఇక్కడ ఎందుకు తగ్గింది సార్” అని అడగడానికి ఒక పీరియడ్ వదలండి. అడిగిన పిల్లవాడు మార్కుల కోసం బేరమాడుతున్నాడని అనుకోకండి. కొందరు బేరమే ఆడతారు, నిజమే. స్కీమ్ చేతిలో ఉంటే వాళ్లకు జవాబు చెప్పడం కూడా తేలికే.

ఫీడ్‌బ్యాక్ కోసం సెమిస్టర్ చివరిదాకా ఆగకండి. ఫస్ట్ మిడ్ అయిన వారంలో చిన్న చీటీలు ఇవ్వండి. రెండే ప్రశ్నలు: ఇప్పటిదాకా అర్థం కాని టాపిక్ ఏది? మార్కులు ఎక్కడ తగ్గాయో తెలిసిందా? సార్ చేతిరాత గుర్తుపడతారని పిల్లలు భయపడతారు, అందుకని సీఆర్‌తో టైప్ చేయించి తెప్పించుకోండి. మరుసటి క్లాసులో వాళ్ల ముందే చదవండి. ఏది మార్చుకుంటారో చెప్పండి, ఏది మార్చరో, ఎందుకు మార్చరో కూడా చెప్పండి. సిలబస్ తగ్గించనని చెప్పినా పిల్లలు ఒప్పుకుంటారు, కారణం చెప్తే.

ఇప్పుడు మీ అందరికీ ఖాళీ కాగితాలు ఇస్తున్నాం. మీ సబ్జెక్టులోంచి ఐదు మార్కుల ప్రశ్న ఒకటి రాసి, సగం ఒప్పు, సగం తప్పు ఉన్న జవాబు కూడా మీరే రాయండి. దాన్ని మీ సబ్జెక్టే చెప్పే పక్కవాళ్లకు ఇచ్చి దిద్దమనండి, మీరు విడిగా దిద్దండి. ఇద్దరి మార్కులకీ తేడా ఎంతొచ్చిందో, ఎక్కడొచ్చిందో బోర్డు మీద రాసుకుని, అక్కణ్నుంచి స్కీమ్ తయారు చేద్దాం.