కొట్టేసే హక్కు ఎక్కడిది?

అందరికీ నమస్కారం.

ఎక్స్ ఒక సంఖ్యకు దగ్గరవుతుంటే లెక్క విలువ దేనికి దగ్గరవుతుందో కనుక్కునే లిమిట్స్ లెక్కల్లో పైనా కిందా ఒకే కారణాంకం కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే వెళ్లి కొట్టేస్తుంది. అలా కొట్టేసే హక్కు మనకెవరిచ్చారు? ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

అందరికీ తెలిసిన లెక్కే తీసుకుందాం. లవంలో ఎక్స్ స్క్వేర్ మైనస్ 4, హారంలో ఎక్స్ మైనస్ 2. ఎక్స్ 2ను సమీపిస్తోంది. నేరుగా 2 ప్రతిక్షేపిస్తే సున్నా బై సున్నా. ఇది చూడగానే 'లిమిట్ లేదు' అని రాసేసేవాళ్లున్నారు. తొందరపడకండి, లెక్క ఇంకా మొదలే కాలేదు. అదే 5 బై సున్నా వచ్చిందనుకోండి, అక్కడ ఎంత బీజగణితం చేసినా పరిమితమైన లిమిట్ రాదు.

లవాన్ని కారణాంకాలుగా విడగొట్టి ఎక్స్ మైనస్ 2 కొట్టేస్తే ఎక్స్ ప్లస్ 2 మిగులుతుంది. జవాబు 4. మార్కులు వచ్చేస్తాయి, టెన్షన్ లేదు. కానీ ఒక్క నిమిషం. భాగించేటప్పుడు ఎక్స్ మైనస్ 2 సున్నా కాదన్నాం. మరుసటి వరుసలోనే ఎక్స్ బదులు 2 పెట్టేశాం. ఇదేం న్యాయం?

1734లో ఐరిష్ తత్వవేత్త జార్జ్ బర్క్‌లీ కాలిక్యులస్‌ను నిలదీసింది ఇక్కడే. అవసరమున్నంతసేపూ సున్నా కాదంటారు, అవసరం తీరాక సున్నా అంటారేమిటని. గట్టి ప్రశ్న. 1821లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ లిమిట్‌నే పునాదిగా పెట్టి కాలిక్యులస్‌ను మళ్లీ కట్టుకొచ్చేదాకా దీనికి దీటైన జవాబు కుదురుకోలేదు.

ఆ జవాబు ఇది. 2 దగ్గర లిమిట్ అంటే, 2 చుట్టుపక్కల ప్రమేయం ఏం చేస్తోందన్నదే ప్రశ్న. సరిగ్గా 2 వద్ద ఏముందో అది అడగదు. కాబట్టి కొట్టేసేటప్పుడు ఎక్స్ 2 కానే కాదు. పాత ప్రమేయానికి 2 వద్ద విలువ లేదు, ఎక్స్ ప్లస్ 2కి ఉంది. రెండూ వేర్వేరు ప్రమేయాలే, కానీ మిగతా అన్నిచోట్లా ఒకటే. అందుకే లిమిట్ కూడా ఒకటే. ఇక చివర్లో 2 పెట్టడానికి అనుమతి వేరేచోటి నుంచి వస్తుంది: ఎక్స్ ప్లస్ 2 అవిచ్ఛిన్న ప్రమేయం, ప్రతి బిందువు వద్దా దాని లిమిట్, విలువ ఒకటే. అంటే రెండు వరుసలకు రెండు వేర్వేరు కారణాలు. పేపర్ మీద మాత్రం రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

ఇంత గొడవెందుకు, క్యాలిక్యులేటర్‌లో దగ్గరి విలువలు వేసి చూస్తే పోలేదా అంటారా? చూద్దాం. పైన ఎక్స్ ప్లస్ 9 మొత్తానికి వర్గమూలం, అందులోంచి 3 తీసేయాలి; కింద ఎక్స్. ఎక్స్ సున్నాను సమీపిస్తోంది. 0.01 వేస్తే 0.1666 దగ్గర వస్తుంది. బాగుంది. ఇంకా దగ్గరికెళ్దామని దశాంశ బిందువు తర్వాత 19 సున్నాలు పెట్టి 1 వేయండి. మామూలు క్యాలిక్యులేటర్ సున్నా చూపిస్తుంది! 9కి కలిపిన ఆ చిన్న సంఖ్య దానికి ఆనలేదు, వర్గమూలం 3 అనుకుంది, 3లోంచి 3 తీసేసింది. ఇప్పుడు వర్గమూలం ప్లస్ 3తో పైనా కిందా గుణించండి. పైన ఎక్స్ మాత్రమే మిగులుతుంది, కొట్టేస్తే పైన 1, కింద వర్గమూలం ప్లస్ 3. ఇందులో అదే చిన్న సంఖ్య వేసినా క్యాలిక్యులేటర్ 0.1666... అనే చెబుతుంది. జవాబు 1 బై 6. యంత్రం తడబడింది తీసివేత దగ్గర, మనం ఆ తీసివేతనే లేకుండా చేశాం.

సున్నా బై సున్నా వస్తే పైనా కిందా విడివిడిగా అవకలజం తీసుకోమనే లోపిటల్ రూల్ ఉండగా ఇదంతా దేనికని కొందరికి అనిపించొచ్చు. నేను దాన్ని కాదనను, కానీ అది వాడాలంటే అవకలజం, అంటే ప్రమేయం మారే రేటు, కావాలి. అవకలజం నిర్వచనమే సున్నా బై సున్నా రూపంలో ఉన్న లిమిట్. ఎక్స్ సున్నాను సమీపించేటప్పుడు సైన్ ఎక్స్ బై ఎక్స్ దగ్గర ఈ చిక్కు బయటపడుతుంది. సైన్ అవకలజం కాస్ అని నిరూపించడానికే ఆ లిమిట్ 1 అని ముందు తెలియాలి. అక్కడ కొట్టేయడానికి కారణాంకమూ దొరకదు. వృత్తం గీసి, త్రిభుజాల మధ్య సెక్టారు (వృత్తపు ముక్క) వైశాల్యాన్ని ఇరికించాల్సిందే.