బాబాయి ఫారెస్టర్: ఎత్తు పెంచడం ఆఖరి పని

వ్యాఖ్యాత: నమస్కారం. ఈసారి మనం సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న బోతెల్‌లో, మా బాబాయి గారి గ్యారేజీలో కూర్చున్నాం. మధ్యలో పానా కింద పడిన చప్పుడు వినిపిస్తే కంగారు పడకండి. నా ఎదురుగా 1999 నాటి సుబారు ఫారెస్టర్ ఉంది. నాలుగు చక్రాలూ విప్పి, స్టాండ్ల మీద నిలబెట్టారు. బాబాయ్, ఇది ఎన్ని మైళ్లు తిరిగింది?

బాబాయి: రెండు లక్షల పద్నాలుగు వేలు. నా చేతికి వచ్చేసరికే లక్షా అరవై ఒక్క వేలు తిరిగి ఉంది. అప్పుడు దీన్ని చూసి మీ పిన్ని ఒక్కటే అడిగింది: "ఇది కొండ ఎక్కుతుందా?" ఎక్కుతుందన్నాను. "మరి దిగి ఇంటికి వస్తుందా?" అంది. ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అమ్మా. పాత సుబారు మీద నేను చేసిన ప్రతి పనీ దానికి జవాబు చెప్పడం కోసమే.

వ్యాఖ్యాత: అసలు సుబారు ఎందుకు? ఇక్కడ జీపులు ఉన్నాయి, టొయోటాలు ఉన్నాయి.

బాబాయి: ఇది పుట్టిన తీరు అలాంటిది. జపాన్‌లో తోహొకు ప్రాంతపు విద్యుత్ సంస్థవాళ్లు మంచులో కొండల మీద లైన్లు చూసుకోవడానికి జీపుల్లో తిరిగేవాళ్లు. చలికాలంలో అందులో కూర్చోవడమే శిక్షగా ఉండేది. మామూలు కారులా వెచ్చగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి అని అడిగారు. ఆ అవసరం నుంచే 1972లో లియోన్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి వచ్చింది. అంటే ఇది పందేల కోసం పుట్టిన బండి కాదు. పని మీద కొండెక్కి, పని ముగించుకుని దిగే మనుషుల బండి. పేరు కూడా చూడు. సుబారు అంటే జపాన్ భాషలో కృత్తికలు. ముందున్న గుర్తులో చుక్కలు లెక్కపెట్టు.

వ్యాఖ్యాత: ఆరు! కుమారస్వామిని పెంచిన తల్లులు కూడా ఆరుగురే కదా.

బాబాయి: అవును. ఆ ఆరు చుక్కలూ విలీనమైన కంపెనీలకు గుర్తని చెబుతారు. నాకు మాత్రం ఆ గుర్తును తుడిచిన ప్రతిసారీ మా అమ్మ కార్తీక మాసంలో వెలిగించే దీపాలే గుర్తుకు వస్తాయి.

వ్యాఖ్యాత: నాకు తెలిసిన కుర్రాళ్లు పాత ఫారెస్టర్ కొనగానే ముందు ఎత్తు పెంచే కిట్టు తెప్పిస్తున్నారు. మీరేమో అది ఆఖరి పని అంటారు.

బాబాయి: ఇంజిన్ సంగతి చూడకుండా ఎత్తు పెంచడం నేల విడిచి సాము చేయడమే. ఈ 2.5 లీటర్ల ఇంజిన్‌లో సిలిండర్లు నిలువుగా ఉండవు. రెండు ఈ పక్కకు, రెండు ఆ పక్కకు పడుకుని ఉంటాయి. బరువు కిందికి ఉంటుంది కాబట్టి బండి నిలకడగా ఉంటుంది. కానీ ఇంజిన్ బ్లాకుకూ, దాని మూతలాంటి హెడ్‌కూ మధ్య ఉండే పలచటి పొర, అదే హెడ్ గ్యాస్కెట్, అది కూడా పక్కకు తిరిగి నిలబడుతుంది. ఆయిల్, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఎప్పుడూ దాని కింది అంచును తడుపుతూనే ఉంటాయి. అందుకే ఆ కాలపు గ్యాస్కెట్లు కింది అంచు దగ్గరే కారడం మొదలుపెడతాయి. ముందు చెమట పట్టినట్టు తడి, ఆ తరువాత ఎగ్జాస్ట్ గొట్టం మీద చుక్క పడి మాడిన వాసన. 1996 నుంచి 1999 వరకు కొన్ని సుబారుల్లో వచ్చిన 2.5 ఇంజిన్, ఒక్కో హెడ్‌కు వాల్వులు తెరిచే క్యామ్ కడ్డీలు రెండేసి ఉన్నది, ఇంకో రకం. అది బయటికి కారదు. సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతుంది. రేడియేటర్ పక్కన ఉండే డబ్బాలో బుడగలు వస్తాయి, నీళ్ల మీద నల్లటి జిడ్డు తేలుతుంది. మామూలు రోడ్డు మీద ఏమీ తెలియదు. గంట సేపు ఎత్తు ఎక్కితే అప్పుడు వేడి చూపే ముల్లు లేస్తుంది.

వ్యాఖ్యాత: దీనికి గ్యాస్కెట్ మార్చారా?

బాబాయి: కొన్న మొదటి చలికాలమే మార్చాను. ఇంజిన్ దింపడం ఈ బండిలో భయపడాల్సిన పని కాదు. రేడియేటర్ తీసేస్తే ముందు చోటు బోలెడంత. హెడ్లు విప్పి, సమతలంగా ఉన్నాయో లేదో చూపించి, సానపట్టించాను. పాత రకం పూత గ్యాస్కెట్ మళ్లీ వేయలేదు. టర్బో ఇంజిన్లలో వాడే, పొరలు పొరలుగా ఉండే స్టీలు గ్యాస్కెట్ వేశాను. ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, దాని పుల్లీలు, వాటర్ పంపు, థర్మోస్టాట్ కూడా మార్చేయాలి. ఆ బెల్టుకు కంపెనీ చెప్పిన గడువు 1,05,000 మైళ్లు. అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దేస్తాయి, ఇంజిన్ పోయినట్టే. వెనక ఫ్లైవీల్ చాటున ఆయిల్ సెపరేటర్ మూత ఒకటి ఉంటుంది. అది ప్లాస్టిక్‌ది అయితే లోహపు మూత వేయండి. అక్కడికి చెయ్యి మళ్లీ ఎప్పుడు వెళుతుందో తెలియదు.

వ్యాఖ్యాత: ఇంత చేశాక కూడా హార్ట్స్ పాస్ కనుమ దారిలో ఆగిపోయారని పిన్ని చెప్పింది.

బాబాయి: అది నా తొందరపాటు. చెబుతాను, ఇంకొకరికి పనికి వస్తుంది. మజామా ఊరి నుంచి ఆ కనుమకు ఇరవై మైళ్ల లోపే. కానీ సుమారు 6,200 అడుగుల ఎత్తుకు ఎక్కాలి. డెడ్ హార్స్ పాయింట్ దగ్గర ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఒక్క బండి పట్టే దారి. ట్రైలర్లను ఆ దారిలోకి రానివ్వరు. అంతకుముందు వారం రేడియేటర్ మార్చి, కూలెంట్ గబగబా పోసేశాను. ఇంజిన్ పడుకుని ఉంటుంది కాబట్టి లోపల గాలి చిక్కుకుంటుంది, అది వెంటనే బయటికి రాదు. ఎక్కుతుండగా హీటర్ నుంచి చల్లగాలి వచ్చింది. హీటర్ వేడి మీద పెట్టినా చల్లగాలి వస్తోందంటే లోపల గాలి ఉందని అర్థం. ముల్లు ఇంకా మధ్యలోనే ఉంది, ఆ ముల్లును నమ్మకూడదు. వేడి పెరుగుతున్నా చాలాసేపు కదలదు. దారి వెడల్పైన చోట ఆపేశాను. గంటకు పైగా ఆగి, ఇంజిన్ బాగా చల్లారాక మూత తీసి నింపాను. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు అప్పుడు. ఆ గంట నేను మరిచిపోలేను.

వ్యాఖ్యాత: మరి గాలి పూర్తిగా పోవాలంటే?

బాబాయి: బండి ముక్కు పైకి ఉండేలా ఏటవాలులో పెట్టు. రేడియేటర్ పైమూలలో చిన్న మర ఉంటుంది, అది వదులు చెయ్యి. పై గొట్టం తీసి ఇంజిన్ వైపు నుంచి నెమ్మదిగా, సన్నని ధారగా పోయాలి. తరువాత హీటర్ పూర్తి వేడిలో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండు సార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపాలి. చల్లారాక మళ్లీ చూసి నింపాలి. 1996 నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి పెట్రోలు కారులో స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే చోటు ఉంటుంది. చవకైన స్కానర్ పెట్టి, అసలు ఎన్ని డిగ్రీలో ఫోనులో చూసుకుంటాను. ఎక్కుడు దారిలో నా కన్ను ఒకటి ఆ అంకె మీదే.

వ్యాఖ్యాత: ఇంజిన్ తరువాత?

బాబాయి: టైర్లు. దీనికి కంపెనీ ఇచ్చినవి 205/70 ఆర్15. నేను వేసినవి 215/75 ఆర్15, కంకరకు తగిన గట్టి టైర్లు. వ్యాసం 35 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే బండి కింద 17, 18 మిల్లీమీటర్లు ఎత్తు వచ్చినట్టు. ఆ లెక్కన మీటరు 60 చూపిస్తే అసలు వేగం 63. అది గుర్తుంచుకోవాలి. కానీ ఈ బండిలో నాలుగు టైర్లూ ఒకే కొలత, ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి చిన్నదైతే ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్ ఆగకుండా కష్టపడి చివరికి మాడిపోతుంది. అందుకే ఐదో టైరు కూడా అదే కొలతది కొని పైన కట్టాను. కంకర రోడ్డు మొదలయ్యే చోట గాలి 30 నుంచి 20కి దించుతాను. రాయి గుచ్చుకోకుండా టైరు దాని మీద ఒదిగిపోతుంది, నడుము కూడా బతుకుతుంది. హైవే ఎక్కే ముందు మళ్లీ నింపాలి. పంపు ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుంది.

వ్యాఖ్యాత: ఇక ఎత్తు సంగతికి వద్దాం.

బాబాయి: చక్రం కుదుపును మింగే స్ట్రట్ పైన ఒక దిమ్మ పెట్టి రెండు అంగుళాలు లేపుతారు. దానివల్ల బాడీతో పాటు వెనక డిఫరెన్షియల్ కూడా లేస్తుంది, నిజమే. కానీ చక్రాలకు వెళ్లే యాక్సిల్ కోణం పెరుగుతుంది, రబ్బరు తొడుగు చిరుగుతుంది, గ్రీజు పోతుంది. వెనక చక్రం దాని గూటిలో కాస్త ముందుకు జరుగుతుంది. అది సరిచేయడానికి ఆ చక్రాన్ని ముందు నుంచి పట్టి ఉంచే ట్రైలింగ్ ఆర్మ్ దగ్గర ఇంకో దిమ్మ పెట్టాలి. యాక్సిల్ కోణం సరిచేయడానికి డిఫరెన్షియల్‌ను మోసే సబ్‌ఫ్రేమ్‌ను కిందికి దించితే డిఫరెన్షియల్ మళ్లీ కిందికే వస్తుంది. టైరు అలా కాదు, అది కింద ఉన్న ప్రతి భాగాన్నీ లేపుతుంది. అందుకే నేను ఒక్క అంగుళంతో ఆగాను. మిగిలిన డబ్బు ఇంజిన్ కింద అల్యూమినియం పలక మీద పెట్టాను. కంపెనీ అక్కడ ఇచ్చింది ఉత్త ప్లాస్టిక్ రేకు.

వ్యాఖ్యాత: ఇప్పుడు చక్రాలు ఎందుకు విప్పారు?

బాబాయి: వెనక చక్రం బేరింగు మోగుతోంది. దానికి పిడికిలి అంత ఇనుప దిమ్మెలో అటు నుంచి ఇటు దూరి ఉండే పొడవాటి బోల్టు ఒకటి తీయాలి. పాత సుబారు మీద చెయ్యి పెట్టిన వాళ్లందరికీ ఆ బోల్టు తెలుసు. తుప్పు పట్టి, లోపలి గొట్టంతో ఒకటైపోయి ఉంటుంది. మూడు రోజులుగా నూనె పోస్తున్నాను. రాకపోతే రెండు వైపులా కోసి, కొత్త బుష్‌లతో వేయడమే. రోడ్ల మీద ఉప్పు చల్లే తూర్పు రాష్ట్రాల బండి అయితే మొదటే కోత మొదలుపెట్టేవాణ్ణి.

వ్యాఖ్యాత: ఇంకా పాతవి, 80ల నాటి బండ్లు బాగు చేసేవాళ్లు ఉన్నారా?

బాబాయి: ఉన్నారు, వాళ్లంటే నాకు గొప్ప గౌరవం. ముఖ్యంగా బ్రాట్, వెనక తొట్టి ఉన్న చిన్న సుబారు. ఆస్ట్రేలియాలో దాన్నే బ్రంబీ అంటారు, అక్కడ 1994 దాకా అమ్మారు. చిన్న ట్రక్కుల మీద అమెరికా వేసే 25 శాతం సుంకం తప్పించుకోవడానికి వెనక తొట్టిలో రెండు సీట్లు బిగించి ఇక్కడికి పంపారు. ఆ తరం బండ్ల చక్రాలకు నాలుగు బోల్టులు, అవి కూర్చునే వలయం 140 మిల్లీమీటర్లు. ఆ కొలతకు మంచి చక్రాలు దొరకవు. ఆరు బోల్టుల జపాన్ ట్రక్కుల వలయం 139.7. దాదాపు ఒకటే. ఎదురెదురుగా ఉన్న రెండు రంధ్రాలు అలాగే ఉంచి, చక్రం బిగించే హబ్‌లో మిగిలినవి కొత్తగా తొలుస్తారు. ట్రక్కు చక్రాలు ఎక్కుతాయి. ఆ బండ్లలో చాలావాటికి, నెమ్మదిగా కానీ బలంగా లాగే లో రేంజ్ గేరు కూడా ఉండేది. ఆస్ట్రేలియా ఫారెస్టర్‌కు వచ్చింది, అమెరికా ఫారెస్టర్‌కు రాలేదు. ఏటవాలు రాళ్ల మీద నా క్లచ్ వాసన వచ్చినప్పుడల్లా ఆ లోటు తెలుస్తుంది. అలాంటి దారి ఎదురైతే వెనక్కి తిప్పేస్తాను.

వ్యాఖ్యాత: నేను ఒక 2001 అవుట్‌బ్యాక్ చూశాను బాబాయ్, ఆటోమేటిక్. ఏమేం చూడాలి?

బాబాయి: ఖాళీ పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడుపు. ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు, కుదుపులతో ఆగి ఆగి కదిలితే నాలుగు చక్రాలకు శక్తి పంచే క్లచ్ పట్టేసిందని అర్థం. బానెట్ కింద ఫ్యూజు పెట్టడానికి ఒక ఖాళీ చోటు ఉంటుంది. అందులో ఫ్యూజు పెడితే ముందు చక్రాలు మాత్రమే లాగాలి. పెట్టాక కూడా బిగుసుకుపోతుంటే ఆ బండి వద్దు. గ్యాస్కెట్ సంగతి నేను కింద పడుకుని చూస్తాను.

వ్యాఖ్యాత: శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు.

బాబాయి: ఉదయం వస్తామని చెప్పు. మనం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని కూడా గట్టిగా చెప్పు. చల్లటి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడాలి నేను.