టెన్షన్ అనే మాట వెనుక

శ్రోతలకు నమస్కారం. విజయవాడలో నేను కౌన్సెలింగ్ చేసే గదికి వచ్చేవారిలో చాలామంది మొదట చెప్పే మాట ఒక్కటే: "టెన్షన్‌గా ఉంటోందండీ." ఇంటర్ చదివే పిల్లవాడూ అదే అంటాడు, వాణ్ణి హాస్టల్లో చేర్చి వచ్చిన తల్లీ అదే అంటుంది, గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చాక ధర పడిపోయిన రైతూ అదే అంటాడు. ఒకరిది భయం, ఒకరిది బెంగ, ఇంకొకరిది ఎవరిమీద చూపాలో తెలియని కోపం. మూడింటినీ ఆ ఒక్క మాట కప్పేస్తుంది. దాన్ని నెమ్మదిగా పక్కకు జరిపి, వెనుక ఏముందో ఆ మనిషి తనంతట తాను చూసుకునేదాకా తోడుగా కూర్చోవడమే నా పని.

ఇది తేలికైన పనిగా వినిపించవచ్చు. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక వ్యాసంలో, మనిషి మారడానికి కావలసిన పరిస్థితులను వివరిస్తూ, చికిత్స చేసేవారిలో మూడు గుణాలు ఉండాలన్నారు. ఎదుటివారి లోకాన్ని వారి కళ్ళతో చూడగలగాలి, షరతులు పెట్టకుండా వారిని గౌరవించాలి, తాను నటించకూడదు. వీటిలో మనకు రెండవదే కష్టమని నా అనుభవం. మన ఇళ్ళలో ప్రేమ ఎక్కువగా సలహా రూపంలోనే బయటికి వస్తుంది. కన్నీళ్ళు చూడలేక "ఊరుకో, నీకేం తక్కువ, అన్నీ సర్దుకుంటాయి" అంటాము. అన్నవారిది నిజమైన ఆపేక్షే, కాని విన్నవారికి మాత్రం తమ బాధ పైకి చెప్పదగినది కాదన్న సంగతి ఒక్కటే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, కొందరి అనుభవాలను కలిపి, ఆనవాళ్ళు మార్చి చెబుతున్నాను. తమ వివరాలు గోప్యంగా ఉండడం చికిత్స పొందేవారి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. "నలుగురికీ తెలుస్తుందేమో" అని వెనకాడేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ ఇళ్ళు మునిగినప్పుడు ఒక చిన్న దుకాణదారు సరుకంతా నీళ్ళపాలైంది. కొన్ని నెలల తరువాత, నిద్ర పట్టడం లేదని, టెన్షనని ఆయన నా దగ్గరకు వచ్చారు. మొదటి రెండు మూడుసార్లు అప్పు గురించి, పాడైన సరుకు గురించి లెక్కలతో సహా చెప్పారు. అవి నిజమైన కష్టాలే. అయితే వరద వచ్చిన ఆ రాత్రి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆయన గొంతు సవరించుకోవడం నేను గమనించి, "ఈ మాట చెబుతుంటే ఒంట్లో ఎక్కడ తెలుస్తోందండీ?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి గొంతు మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ ఏదో అడ్డం పడ్డట్టుంది" అన్నారు.

అలాంటి మౌనాన్ని తొందరపడి నింపకూడదు. రోజర్స్‌తో కలిసి షికాగోలో పనిచేసిన యూజీన్ జెండ్లిన్, చికిత్స సంభాషణల రికార్డింగులను పరిశీలించినప్పుడు, మేలు పొందినవారు గడగడా మాట్లాడేవారు కారని, ఆగి, తడుముకుని, లోపల తెలిసీ తెలియకుండా ఉన్నదానికి సరిపడే మాట కోసం వెతికేవారని గుర్తించారు. ఈ విషయంలో తెలుగువారు అదృష్టవంతులని నాకు అనిపిస్తుంది. కడుపు తరుక్కుపోవడం, గుండె చెరువవడం, ఒళ్ళు మండడం, నోరు పెగలకపోవడం వంటి పలుకుబళ్ళలో మన పెద్దలు ఏ బాధ ఒంట్లో ఏ చోట తెలుస్తుందో ఎప్పుడో చెప్పి పెట్టారు. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, టెన్షన్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నందుకు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఆయన వెతికిన మాట మరో రెండు వారాలకు దొరికింది. ఆ రాత్రి తల్లి భయపడితే, "నీళ్ళు ఇంత దూరం రావులే, పడుకో అమ్మా" అన్నది ఆయనే. తెల్లవారేసరికి ఆమెను ఎత్తుకుని మేడ మీదకు చేర్చవలసి వచ్చింది. ఆమె క్షేమంగానే ఉన్నారు. కాని, ఆనాటి నుంచి ఆయన తల్లి ముఖంలోకి సూటిగా చూడలేకపోతున్నారు. ఆయనను నిద్రపోనివ్వనిది అప్పు ఒక్కటే కాదు, తప్పు చేశానన్న బాధ కూడా. ఆ పేరు పెట్టింది నేను కాదు. నేను పెట్టి ఉంటే అది ఆయనకు మరొక సలహాగానే మిగిలేది.

ఇంతటితో అన్నీ నయమయ్యాయని చెప్పలేను. అప్పు అలాగే ఉంది. పెద్ద వాన చప్పుడుకు ఆయన ఇప్పటికీ లేచి కూర్చుంటారు. నెలల తరబడి నిద్రాహారాలు లేనివారికి, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నవారికి మాటలతో పాటు మానసిక వైద్యుల సహాయం కూడా కావాలి. అలాంటివారు ఆలస్యం చేయకుండా, ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిసారి వచ్చినప్పుడు ఆయన, తల్లితో ఆ రాత్రి సంగతి ఎత్తానని చెప్పారు. ఆమె విని, "నువ్వు లెమ్మన్నా ఆ చీకట్లో నేను ఇల్లు కదిలేదాన్నేంట్రా" అన్నారట. ఆ మాట నాకు చెబుతున్నంతసేపూ ఆయన ఒక్కసారి కూడా గొంతు సవరించుకోలేదు.