స్కైలాబ్ పడుతుందన్న రోజుల్లో మన ఊళ్లు ఏం చేశాయి?

(తెర మీద: రాత్రి ఆకాశం, కదులుతున్న ఒక చుక్క. కింద "1979 జులై")

1979 జులైలో ప్రపంచమంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. అమెరికా అంతరిక్షంలో నిలిపిన స్కైలాబ్ అనే ప్రయోగశాల కిందికి జారిపోతోంది. బరువు సుమారు 77 టన్నులు. ఎప్పుడు పడుతుందో నాసా రోజుల లెక్కన అంచనాలు ఇస్తూ వచ్చింది. ఎక్కడ పడుతుందో మాత్రం చివరి గంటల దాకా ఎవరూ చెప్పలేకపోయారు.

నమస్కారం. స్కైలాబ్ ఎలా పడిందో ఈ వీడియోలో చెబుతాను. కానీ నా మనసంతా ఆ వార్త విన్న మనుషుల మీదే ఉంది. ఎక్కడో మొదలైన ఒక పెద్ద కబురు మన గుమ్మం దాకా వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం, ఎందుకలా చేస్తాం అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. దానికి స్కైలాబ్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

(తెర మీద: సాటర్న్ రాకెట్ బయలుదేరుతున్న దృశ్యం)

1973 మే 14న సాటర్న్ 5 రాకెట్ స్కైలాబ్‌ను పైకి తీసుకెళ్లింది. ఆ తర్వాత ముగ్గురేసి వ్యోమగాములతో మూడు బృందాలు వెళ్లి అందులో ఉండి వచ్చాయి. చివరి బృందం 84 రోజులు ఉండి 1974 ఫిబ్రవరిలో దిగింది. అప్పటినుంచి అది ఖాళీగా తిరుగుతూనే ఉంది. 1980ల దాకా పైనే ఉంటుందనీ, ఈలోగా స్పేస్ షటిల్ సిద్ధమైతే దాని సాయంతో ఇంకాస్త ఎత్తుకు తోయవచ్చనీ నాసా అనుకుంది. రెండూ జరగలేదు. సూర్యుడి తీవ్రత లెక్కకు మించి పెరిగింది. ఆ వేడికి భూమి పైపొరల్లోని గాలి వ్యాకోచించి, స్కైలాబ్ తిరుగుతున్న ఎత్తు దాకా చేరింది. పల్చటి గాలే అయినా రోజూ రాసుకుంటూ ఉంటే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే కిందికి దిగుతుంది. షటిల్ మొదటిసారి ఎగిరేసరికి 1981 ఏప్రిల్ వచ్చింది. అప్పటికి స్కైలాబ్ లేదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. స్కైలాబ్ దారి భూమధ్యరేఖకు ఉత్తరాన 50 డిగ్రీలు, దక్షిణాన 50 డిగ్రీల మధ్య సాగేది. భారతదేశం మొత్తం ఆ పట్టీలోనే ఉంది. మన మీద పడవచ్చు అన్న మాట పుకారు కాదు. అవకాశం చాలా తక్కువ, అంతే.

(తెర మీద: పంచాయతీ ఆఫీసు, గోడ మీద మైకు, కింద జనం)

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఈ కబురు ఎలా చేరిందో ఊహించండి. పల్లెల్లో టీవీ లేదు. ఆకాశవాణి వార్తలు, పట్నం నుంచి వచ్చే పేపరు, ఆ పేపరు చదివిన మాస్టారో పోస్టుమ్యానో చెప్పే మాట, అంతే. ఆ మాట రచ్చబండ దగ్గర ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్లేసరికి అందులోంచి "తక్కువ అవకాశం" అన్న ముక్క రాలిపోయింది. "పడుతుంది" అన్నదే మిగిలింది.

ఊళ్లు ఏం చేశాయో మీ ఇంట్లో అరవై దాటినవాళ్లను అడగండి. తెలంగాణలోనూ కోస్తాలోనూ దాదాపు ఒకే కథ వినిపిస్తుంది. కోళ్లు కోసుకుని తిన్నారు. మేకల్నీ గొర్రెల్నీ వచ్చిన ధరకు అమ్మేశారు. పొలం కూడా అమ్ముకున్నవాళ్ల గురించి చెబుతారు. అప్పులు తీర్చినవాళ్లున్నారు, ఇక తీర్చడం ఎందుకులే అనుకున్నవాళ్లూ ఉన్నారు. దూరాన ఉన్న పిల్లల్ని ఇంటికి పిలిపించుకున్నారు. గుళ్లో భజనలు చేశారు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు కొందరికి స్కైలాబ్ అన్నదే పేరైంది. ఆ పేరున్న మనుషులు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ నవ్వుతారు. ఆ నవ్వు నాకు నచ్చదు. ఎందుకో చెబుతాను.

నాసా అప్పట్లో ఒక లెక్క చెప్పింది: భూమి మీద ఎవరో ఒకరికి ముక్క తగిలే అవకాశం 152లో ఒకటి. అదే ఫలానా ఒక మనిషికి తగిలే అవకాశం చూస్తే, 60,000 కోట్లలో ఒకటి. రెండూ నిజమే. కానీ మేకల కాపరికి ఈ రెండు అంకెల్నీ విడదీసి చెప్పినవాళ్లెవరు? పైగా అంతకు ఏడాదిన్నర ముందే, 1978 జనవరిలో, కాస్మాస్ 954 అనే సోవియట్ ఉపగ్రహం అణు రియాక్టర్‌తో సహా కెనడా మీద పడి, రేడియోధార్మిక ముక్కలు మంచులో చెల్లాచెదురయ్యాయి. పేపరు చదివేవాళ్లకు ఆ సంగతి తెలుసు. అంటే భయం చదువురాని వాళ్లకే పరిమితం కాలేదు.

ఇంకో సంగతి ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పది వేల మందికి పైగా చనిపోయారు. సముద్రం లేచి ఊళ్ల మీదికి వస్తుందని చెబితే నమ్మనివాళ్లు కూడా ఆ రాత్రి కొట్టుకుపోయారు. ఆ తర్వాత రెండేళ్లయినా తిరక్కముందే, 1979 మేలో, మరో పెద్ద తుఫాను కోస్తాను తాకింది. అది వెళ్లిన రెండు నెలలకే స్కైలాబ్ కబురు వచ్చింది. ఆకాశం నుంచి చావు రాదని ఆ మనుషులు ఏ ధైర్యంతో అనుకోవాలి? మనం పెద్ద వార్తను దాని పరిమాణాన్ని బట్టి కొలవం. మన ఒంటి మీద అప్పటికే ఉన్న గాయాన్ని బట్టి కొలుస్తాం. దివిసీమ చూసిన కళ్లు స్కైలాబ్‌ను చూసిన తీరు వేరుగా ఉండడంలో వింత లేదు.

తెలంగాణ పల్లెలకు ఉప్పెన అనుభవం లేదు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. అక్కడ వేరే లెక్క పనిచేసిందని నేననుకుంటాను. జీవాలే ఆస్తి, జీవాలే బ్యాంకు. రేపు లేదంటే దాచిన దానికి విలువ లేదు. అలాంటప్పుడు మేక కోసి పదిమందికి పెట్టడం మతిపోయిన పని కాదు. చేతిలో ఉన్నదానితో మనిషి చేయగలిగింది అది.

గమనించండి, వాళ్లకు చేయడానికి ఇంకో పని ఎవరూ చెప్పలేదు. భయపడాల్సిన పనిలేదు అని మాత్రం చెప్పారు. పెద్ద వార్త వచ్చినప్పుడు అధికారుల నోట ముందుగా వచ్చే మాట అదే. దానంత పనికిరాని మాట ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. భయం మాటతో పోదు. ఫలానా చోటికి వెళ్లండి, ఫలానాది దగ్గర ఉంచుకోండి, ఫలానా గంటకు మళ్లీ చెబుతాం అని చేతికి ఒక పని ఇస్తే సగం తగ్గుతుంది.

(తెర మీద: ఆస్ట్రేలియా మ్యాప్, నైరుతి మూల)

ఇంతకీ అది ఎక్కడ పడింది? జులై 11, బుధవారం. మన గడియారంలో రాత్రి 10 దాటాక. దక్షిణాఫ్రికా దాటాక సముద్రంలో పడేలా నాసా ఆఖరి క్షణాల్లో దాన్ని దొర్లించింది. కానీ అనుకున్నంత త్వరగా అది ముక్కలు కాలేదు. హిందూ మహాసముద్రం దాటి పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ముక్కలు రాలాయి. ఒక్క మనిషికి కూడా దెబ్బ తగల్లేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ఒకటి, 72 గంటల్లో మొదటి ముక్క తెచ్చినవాళ్లకు 10,000 డాలర్లు ఇస్తామని అంతకుముందే ప్రకటించింది. ఎస్పరెన్స్‌కు చెందిన పదిహేడేళ్ల కుర్రాడు ఇంటి దగ్గర దొరికిన ముక్కలు పట్టుకుని విమానమెక్కి ఆ బహుమతి గెలుచుకున్నాడు. ఆ ఊరి స్థానిక సంస్థ, చెత్త పడేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. నిజంగా నెత్తిన పడిన ఊళ్లో మనుషులు పొలాల్లో ముక్కలు ఏరుకున్నారు. వాళ్లకు చేయడానికి పని ఉంది. ఏమీ పడని మన ఊళ్లలో మేకలు పోయాయి.

అసలు ప్రమాదం కంటే దాని మీది భయం ఎక్కువ నష్టం చేయడం అమెరికాలోనూ జరిగింది, అదీ చాలా పెద్ద ఎత్తున. 2001 సెప్టెంబర్ 11 తర్వాత ఎందరో అమెరికన్లు విమానం ఎక్కడం మానేసి కార్లలో దూరప్రయాణాలు చేశారు. రోడ్డు ప్రయాణం విమానం కంటే ఎంతో ప్రమాదకరం. ఆ మార్పు వల్ల తర్వాతి పన్నెండు నెలల్లో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అంచనా వేశాడు. వాళ్లంతా చదువుకున్నవాళ్లే, చేతిలో సమాచారం ఉన్నవాళ్లే. కాబట్టి 1979 నాటి పల్లెల గురించి మాట్లాడేటప్పుడు దయచేసి అమాయకత్వం అన్న మాట వాడకండి.

(తెర మీద: ట్రాన్సిస్టర్ రేడియో. పక్కనే వెలుగుతున్న ఫోన్)

ఒక్క విషయంలో మాత్రం ఆనాటివాళ్లు మనకంటే మెరుగైన స్థితిలో ఉన్నారు. వాళ్ల వార్తలు అయిపోయేవి. ఆకాశవాణిలో వార్తలు ముగిసేవి, తర్వాత పాటలో, వ్యవసాయ కార్యక్రమమో వచ్చేది. మళ్లీ వార్తల దాకా మనిషి తన పని చూసుకునేవాడు. మనకు వార్త అయిపోదు.

దీని మీద ఒక గట్టి పరిశోధన ఉంది. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పరుగులో బాంబులు పేలాయి. ఆ తర్వాతి వారాల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్ పరిశోధకులు నాలుగున్నర వేల మందికి పైగా అమెరికన్లను ప్రశ్నించారు. పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్ల కంటే, ఆ వారమంతా రోజుకు ఆరు గంటలకు మించి దాని వార్తలు చూసినవాళ్లలో మానసిక ఒత్తిడి లక్షణాలు ఎక్కువ కనిపించాయి. మళ్లీ చెబుతున్నాను: అక్కడ ఉన్నవాళ్ల కంటే, ఇంట్లో కూర్చుని చూసినవాళ్లలో ఎక్కువ.

భయస్తులే ఎక్కువ చూస్తారేమో అన్న అనుమానం రావడం సహజం. అదే బృందం కొన్నేళ్లు వెంటపడి చూసి, రెండూ నిజమేనని తేల్చింది. చూస్తే దిగులు పెరుగుతుంది, ఆ దిగులు ఉన్నవాళ్లు తర్వాతి ఘటనను ఇంకా ఎక్కువ చూస్తారు. ఒకసారి అందులో పడితే ప్రతి కొత్త విషాదం లోపలికే లాగుతుంది.

2025 మే 7న హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ సైరన్లు మోగించి పౌర రక్షణ మాక్ డ్రిల్ చేశారు. పాకిస్తాన్‌తో ఉద్రిక్తత అప్పుడు తీవ్రంగా ఉంది. ఫోన్లలో వీడియో గేముల దృశ్యాలు కూడా నిజమైన యుద్ధమన్నట్టు తిరిగాయి. ఆ డ్రిల్ జనాన్ని మరింత బెదరగొడుతుందని కొందరన్నారు. నేను ఒప్పుకోను. సైరన్ వింటే ఏం చేయాలో, ఎక్కడ తలదాచుకోవాలో, దీపాలు ఎప్పుడు ఆర్పాలో చెప్పారు. యుద్ధం గురించి సామాన్యుడి చేతికి అందిన పని అదొక్కటే. మిగతాదంతా చూడటమే.

(తెర మీద: ఖార్కివ్ మెట్రో స్టేషన్‌లో తలదాచుకున్న జనం)

ఆఖరుగా ఉక్రెయిన్. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలుపెట్టినప్పుడు మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎందరో అక్కడ మెడిసిన్ చదువుతున్నారు. అదే వార్త ఇక్కడ రెండు రకాల ఇళ్లకు వచ్చింది. ఒక రకం ఇంటికి పొద్దుతిరుగుడు నూనె ధరగా వచ్చింది. అప్పట్లో మనం దిగుమతి చేసుకునే ఆ నూనెలో సింహభాగం ఉక్రెయిన్‌దే కాబట్టి, ముందే నాలుగు ప్యాకెట్లు కొని పెట్టుకుందామన్న ఆత్రం కనిపించింది. దాన్ని కూడా నేను తప్పుపట్టను. నెలకు సరిపడా డబ్బు లెక్కపెట్టుకునే ఇంటికి యుద్ధం కనిపించేది అక్కడే.

రెండో రకం ఇంట్లో, బంకర్‌లో ఉన్న కొడుకు ఫోన్ చార్జింగ్ ఎంత మిగిలిందో తల్లికి తెలుసు. పోలండ్ సరిహద్దుకు వెళ్లాలా, రొమేనియా వైపు వెళ్లాలా అని తండ్రి తోటి తల్లిదండ్రులతో మాట్లాడుతుంటాడు. ప్రభుత్వాలు పెట్టిన హెల్ప్‌డెస్క్‌లకు ఫోన్లు, పాస్‌పోర్టు కాపీలు, వాట్సాప్ గ్రూపులు. ఆ ఇళ్లలో భయం అందరికంటే ఎక్కువ, టీవీ చూసే తీరిక అందరికంటే తక్కువ.

అలాంటి ఇంటికి పక్కింటివాళ్లు పలకరించడానికి వెళ్లి, "ఇప్పుడే టీవీలో చూశామమ్మా, అక్కడ మళ్లీ బాంబులు పడ్డాయట" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ కబురు ఆ తల్లికి వాళ్లకంటే ముందే తెలుసు, అదీ కొడుకు గొంతులోనే విన్నది. ఈసారి మీ వీధిలో అలాంటి ఇల్లుంటే, ఏ దేశమైనా సరే, వార్త మోసుకెళ్లకండి. అన్నం క్యారియర్ తీసుకెళ్లండి. ఆ తండ్రి బండి మీద కలెక్టరేట్‌కు తిరుగుతుంటే వెనక కూర్చోండి. ఆ రాత్రి ఫోన్ మోగే దాకా తల్లి మేలుకుని ఉంటుంది. వంతు వేసుకుని మీలో ఒకరు మేలుకుని, ఆమెను రెండు గంటలు పడుకోనివ్వండి.