చెక్కేసినా చెరగని రాణి: హత్షెప్సుట్

హోస్ట్: ప్రాచీన ఈజిప్టును ఫారోగా, అంటే రాజుగా ఏలిన స్త్రీ హత్షెప్సుట్. ఆమె పేరు అనగానే మనకు వినిపించే కథ ఒక్కటే. సవతి కొడుకు మూడో థట్మోస్ గద్దెనెక్కగానే పగబట్టి ఆమె బొమ్మలన్నీ పగలగొట్టించాడని. ఎంతవరకు నిజం మేడమ్?

అతిథి: పగలగొట్టించడం నిజమే. ‘ఎక్కగానే’ అన్నదగ్గరే తేడా. క్రీ.పూ. 1479 ప్రాంతంలో ఆమె భర్త రెండో థట్మోస్ పోయేసరికి వారసుడు మూడో థట్మోస్ పసివాడు. పేరుకు రాజు అతనే, పాలన ఆమెది. ఏడో ఏటికల్లా ఆమె పూర్తి స్థాయి ఫారో బిరుదులు పెట్టేసుకుంది. సుమారు 1458లో పోయింది. చెరిపే పని ఎప్పుడు మొదలైందీ? ఆ తర్వాత దాదాపు 20 ఏళ్లకి! కసితో రగిలిపోయేవాడు అన్నాళ్లు ఆగుతాడా? పైగా ఇప్పటి లక్సర్ దగ్గరి కర్ణాక్ ఆలయ సముదాయంలో ఆమె కట్టించిన ఎర్ర మందిరంలో మిగిలిన శిల్పాల పని పూర్తి చేయించింది కూడా ఆయనే.

హోస్ట్: మరి ఎలా చెరిపారు? గోడంతా కొట్టేశారా?

అతిథి: లేదండీ, ఏరి ఏరి చేశారు. ఆమె రాణిగా, అంటే రాజు భార్యగా ఉన్న బొమ్మల జోలికి దాదాపు పోలేదు. రాజచిహ్నమైన పెట్టుడు గడ్డంతో ఫారోగా ఉన్నవే చెక్కేశారు. శిల్పి ఉలితో బొమ్మ అంచు వెంబడే పోయేవాడు. అందుకే చాలాచోట్ల మనిషి ఆకారం గరుకు నీడలా అలాగే నిలబడిపోయింది. కొన్నిచోట్ల ఆ ఖాళీలో నైవేద్యాల బల్ల చెక్కారు. కార్టూష్‌లో, అంటే రాజుల పేరు చుట్టూ గీసే కోలాకారపు గడిలో, ఆమె తండ్రి మొదటి థట్మోస్ పేరో, భర్త రెండో థట్మోస్ పేరో ఎక్కించారు.

హోస్ట్: అంటే ఆ రాజ్యకాలం వాళ్ల ఖాతాలో పడిపోయింది.

అతిథి: పడింది. దొరికిపోయింది కూడా. ఈజిప్షియన్ భాషలో స్త్రీలింగానికి రొట్టె ఆకారపు చిన్న ‘త’ గుర్తు చేరుస్తారు. పేర్లు మార్చినవాళ్లు చాలాచోట్ల ఆ గుర్తులు మార్చలేదు. పేరేమో మగ రాజుది, పక్కన ఉన్న మాటలన్నీ ఆడమనిషి గురించి. 1829లో ఈజిప్టు బొమ్మల లిపిని ఛేదించిన షాంపోలియన్, దేర్ ఎల్-బహరీలో ఆమె కట్టించిన గుడిలో ఇది చూసి బుర్ర గోక్కున్నాడు. ఎదురుగా గడ్డం ఉన్న రాజు, రాతలో అంతా స్త్రీలింగం!

హోస్ట్: ఒబెలిస్క్‌ల, అంటే కొన తేలిన ఏకశిలా స్తంభాల సంగతి? వాటినైతే పడగొట్టడం కూడా కష్టమే కదా.

అతిథి: కర్ణాక్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్నది దాదాపు 30 మీటర్ల ఎత్తు, 320 టన్నుల పైచిలుకు. దక్షిణాన ఉన్న అస్వాన్ నుంచి తెచ్చిన ఒకే గ్రానైట్ ముక్క. క్వారీ పనికి 7 నెలలు పట్టిందని దాని పీఠం మీదే రాయించింది. అప్పటికి ఇనుప పనిముట్లు లేవు, రాగి ఉలి గ్రానైట్ మీద ఆగదు. అందుకే డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి, పిండి చేసి, కందకం తీసేవాళ్లు. మధ్యలో పగులు బయటపడితే అంతా వృథా. అస్వాన్‌లో అలా వదిలేసిన 42 మీటర్ల స్తంభం ఇంకా పడుకునే ఉంది. ఆమె కాలానిదేనని చాలామంది అంటారు.

హోస్ట్: మరి నిలబడ్డదాన్ని ఏం చేశారు?

అతిథి: కింది భాగం చుట్టూ రాతి గోడ కట్టేశారు. కొన పైన కనిపిస్తూనే ఉంటుంది. పోగొట్టాలనుకున్న రాత ఆ గోడ చాటునే భద్రంగా మిగిలింది. ఎర్ర మందిరానిదీ ఇదే తీరు. దాన్ని తర్వాత విప్పేశారు, ఆ రాళ్లని కర్ణాక్‌ మూడో పైలాన్ (పెద్ద ద్వార గోపురం) లోపల నింపుడు రాళ్లుగా వాడేశారు. అవి 300కు పైగా బయటపడ్డాయి, ఇప్పుడు కర్ణాక్ ఓపెన్ ఎయిర్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. ఒక రాయి మీద బొమ్మ చెక్కేసి ఉంటుంది, పక్క రాయి మీద చెక్కుచెదరదు. విప్పి పేర్చాక పైకి కనిపించిన ముఖాలనే కొట్టారని ఒక వాదన. నాకూ అదే సబబనిపిస్తుంది.

హోస్ట్: విగ్రహాలు మాత్రం ముక్కలు ముక్కలు చేశారుగా?

అతిథి: 1920లలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తవ్వకాల్లో దేర్ ఎల్-బహరీ గుడి దగ్గరి గోతుల్లో దొరికాయి. అయితే 2025లో వచ్చిన ఒక పరిశోధన పాత తవ్వకాల ఫొటోలు, నోట్సులు మళ్లీ తిరగేసింది. చాలా విగ్రహాలు మెడ, నడుము, మోకాళ్ల దగ్గర విరిగాయి, ముఖాలు చాలావరకు బాగానే ఉన్నాయి. విగ్రహంలోని శక్తిని తీసేయడానికి ఈజిప్టులో మామూలుగా చేసే తంతు అది, మగ రాజుల విగ్రహాలకూ చేసేవాళ్లు. పాత విగ్రహాన్ని రాయిగా తిరిగి వాడుకోవడం మరో సంగతి, ఆ దెబ్బలు ఇంకోలా ఉంటాయి.

హోస్ట్: మరి అసలు కారణం?

అతిథి: వారసత్వం అని ఎక్కువమంది లెక్క. మూడో థట్మోస్ తన కొడుకు రెండో అమెన్‌హోటెప్‌కి గద్దె అప్పగించేముందు తండ్రి నుంచి కొడుక్కి గీత సాఫీగా ఉండాలి. అబైడోస్ గుడిలో తర్వాతి కాలపు ఫారో మొదటి సేతి చెక్కించిన రాజుల పట్టికలో చూడండి, ముగ్గురు థట్మోస్‌లూ వరసగా ఉంటారు, మధ్యలో ఆమె లేదు. అయినా వెయ్యేళ్లకు పైగా గడిచాక మనేతో అనే ఈజిప్టు పూజారి రాసిన జాబితాలో అమెస్సిస్ అనే స్త్రీ 21 ఏళ్ల 9 నెలలు ఏలిందని ఉంది. అది ఈమే అయ్యుంటుందని పండితుల మాట.

హోస్ట్: లక్సర్ వెళ్లేవాళ్లు ఇవి కళ్లారా చూడాలంటే?

అతిథి: దేర్ ఎల్-బహరీలో గోడకి ఎదురుగా లైట్ కొడితే ఏమీ కనపడదు. పక్కనుంచి ఏటవాలు వెలుతురు పడే చోట నిలబడండి. గరుకు మచ్చ ఎక్కడుందో అక్కడ ముందు పాదాలు వెతకండి, తర్వాత కిరీటం. మధ్యలో మనిషి దానంతటదే తేలుతుంది.