గడ్డిమేటుకూ ఒక పాట: బడిలో సంగీత నాటకం, పాత్రధారుల ఎంపిక

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

బడి పిల్లలతో ఒక సంగీత నాటకం ఆడించాలంటే పాత్రధారులను ఎలా ఎంచుకోవాలి, ఎంచుకున్నాక రంగస్థలం దాకా వారిని ఎలా నడిపించాలి అన్నది ఈ పూట నాకు అప్పగించిన అంశం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన బడుల్లో ఎంపిక అంటే ఇప్పటికే పాడటం వచ్చిన పిల్లలను ఏరుకోవడంగా స్థిరపడిపోయింది. ఏ బిడ్డ గొంతు ఎక్కడ హాయిగా పలుకుతుందో తెలుసుకుని, పాటనూ పాత్రనూ ఆ గొంతుకు సరిపోయేలా దిద్దుకోవడమే అసలైన ఎంపిక అని నా అభిప్రాయం.

ఇది ఎక్కడినుంచో అరువు తెచ్చుకోవలసిన విద్య కాదు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థులనే నటులుగా కూర్చుకుని నాటకం ఆడించారు. ఆధునిక తెలుగు రంగస్థలం తొలి అడుగుల్లోనే బడి పిల్లలున్నారన్న మాట. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటులు కనుక, వారి పిల్లలు తెర వెనుక పెరిగి ప్రహ్లాదుడుగా, లోహితాస్యుడుగా, బాలకృష్ణుడుగా రంగం మీదికి వచ్చేవారు. మద్రాసు రేడియోలో ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి నడిపిన కార్యక్రమాల్లో పిల్లలు తమ గొంతుతోనే పాడారు, తమ గొంతుతోనే మాట్లాడారు. ఇవాళ వార్షికోత్సవానికి పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట తెచ్చి, దానికి పిల్లల చేత అడుగులు వేయించి పెదవులు కదిలించే పద్ధతి వచ్చాక ఆ గొంతు వినబడటం మానేసింది. నృత్యాన్ని నేను చులకన చేయడం లేదు. పాడగల పిల్లను పాడనివ్వకపోవడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

మాట గాలిలో తేలిపోకుండా ఒక కథను దగ్గర పెట్టుకుందాం: ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒక చేప ఎండలేదన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఇది జానపద కథ కనుక ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. కథంతా అడుగుడూ జవాబుగా సాగుతుంది కనుక ‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు’ అన్న ప్రశ్నకు ఒక వరుస కట్టుకుంటే, చేప దగ్గర నుంచి చీమ దగ్గరి వరకు అదే వరుస మళ్లీ మళ్లీ వస్తుంది, మూడోసారికి కింద కూర్చున్న పిల్లలు కూడా అందుకుంటారు. ఏడుగురు రాకుమారులు, ఏడు చేపలు, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పసివాడు, చీమల దండు అనుకుంటే నలభై మంది ఉన్న తరగతి మొత్తం ఇందులో ఇమిడిపోతుంది. పైగా చివరి మాట రాకుమారుడిది కాదు, తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టిన చీమది. మీ ఊళ్లో గడ్డిమేటు బదులు గడ్డిమోపు, అవ్వ బదులు అమ్మ ఉంటే అలాగే ఉంచండి. పిల్లలు ఇంట్లో విన్న కథారూపమే వారి నోట చక్కగా పలుకుతుంది.

ఇతరుల నాటకమో పాటో వాడుకోదలచినవారికి ఒక మాట. మన 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు ఒక వెసులుబాటు ఉంది: బడి కార్యకలాపాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు ప్రదర్శిస్తూ, చూసేవారు కూడా సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, బడితో సంబంధం ఉన్నవారు మాత్రమే అయితే అది ఉల్లంఘన కాదు. టిక్కెట్లు పెట్టి ఊరందరినీ పిలిచినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టినా ఆ నీడ కిందికి రామని గుర్తుంచుకోవాలి.

ఇక ఎంపిక. సాధారణంగా ప్రార్థన సమయంలో ‘పాడగలిగినవాళ్లు చేతులెత్తండి’ అంటాం. ఏటా లేచే చేతులే లేస్తాయి. సంగీతం క్లాసుకు వెళ్లే అమ్మాయి ఒక కీర్తన పాడుతుంది, టీవీ పోటీలు చూసే అబ్బాయి ఒక సినిమా పాటను ఆ గాయకుడి విరుపులతో సహా అప్పగిస్తాడు, మనం మెచ్చుకుని పేర్లు రాసుకుంటాం. ఇంటి దగ్గర తయారుచేసుకుని వచ్చిన పాట ఆ ఇంట్లో ఏం నేర్పారో చెబుతుంది. మన దగ్గర ఆ బిడ్డ ఏం నేర్చుకోగలదో చెప్పదు. మనకు కావలసింది రెండోది. అందువల్ల ఎంపికకు వచ్చే పిల్లలను సొంత పాట తెచ్చుకోవద్దని ముందే చెప్పాలి. అయిదారుగురిని కలిపి ఒక గదిలోకి పిలవాలి. బల్ల వెనుక ముగ్గురు పెద్దలు కాగితాలతో కూర్చునే దృశ్యం అసలు ఉండకూడదు. నేల మీద గుండ్రంగా కూర్చుని అందరమూ కలిసి పాడటంతో మొదలుపెట్టాలి. తరువాత వారెవరూ ఎన్నడూ వినని రెండు పాదాలు అప్పటికప్పుడు నేర్పి, ముమ్మారు పాడించాలి. మొదటిసారి తప్పి, పక్కవారిని విని, మూడోసారికి తనంతట తాను సరిచేసుకున్న పిల్ల ఎవరో అక్కడ తెలిసిపోతుంది. ఆ పిల్ల పేరు కింద నేను గీత గీసుకుంటాను, ఎందుకంటే నెలన్నర పాటు సాధన చేయవలసిన పనికి అటువంటి చెవి కావాలి.

తాళం సంగతి నడిపించి చూడాలి. ‘తకధిమి’ అంటూ చప్పట్లు కొడుతూ గదిలో నడవమని, మధ్యలో ‘తకిట’కు మార్చితే ఎవరి అడుగు తడబడి మళ్లీ నిలదొక్కుకుంటుందో గమనించాలి. ఆ తరువాత ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరు ‘చేపా చేపా, ఎందుకు ఎండలేదు’ అని కోపంగా, జాలిగా, నిద్రమత్తులో, రకరకాలుగా అడుగుతుంటే మరొకరు జవాబు చెప్పాలి. ఇక్కడ పెద్దలు సాధారణంగా అడిగే పిల్లవాడినే చూస్తారు. వినే పిల్లవాడి ముఖం చూడండి. తన వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడేవాడు వేరు, అడిగిన మాట తగిలి కదిలేవాడు వేరు. రంగం మీద నిలబడేది ఆ రెండోవాడే. నోరు విప్పని పిల్లలూ ఉంటారు. వారిని బలవంతపెట్టకుండా, కంజీరో తాళాలో చేతికిచ్చి కూర్చోబెట్టి, మరునాడు ఇంకో గుంపుతో పిలిస్తే చాలామంది పాడతారు.

అన్నిటికంటే ఎక్కువ అన్యాయం జరిగేది శ్రుతి దగ్గర, అంటే పాటకు ఆధారంగా పట్టుకునే స్వరం దగ్గర. ‘వీడికి శ్రుతి లేదు’ అని మనం తీసిపారేసే పిల్లల్లో ఎక్కువమందికి శ్రుతి లేకపోవడం కాదు, మనం ఇచ్చిన శ్రుతి వారి గొంతులో లేకపోవడమే కారణం. మగ మాస్టారు ఒకటో ఒకటిన్నరో శ్రుతిలో, తన మంద్రంలో, అంటే కింది స్థాయిలో, పాడి ‘అను’ అంటారు. ఎనిమిది, పదేళ్ల పిల్లలకు హాయిగా పలికేది సుమారుగా హార్మోనియం నడిమి స్థాయిలో ఒకటో శ్రుతి మెట్టు నుంచి పైన అదే మెట్టు వరకు, అంటే ఒక్క స్థాయి. పాపం ఆ పిల్లవాడు మాస్టారి గొంతును ఉన్నదున్నట్టు అందుకోబోయి, అడుగున గొణుగుతాడు. కనుక శ్రుతి మనం ఇవ్వకూడదు. పిల్లవాడిని తనకు తోచిన చోట ఎత్తుకోనిచ్చి, అది ఏ మెట్టో హార్మోనియం మీద వెతికి, పేరు పక్కన రాసుకోవాలి. నలభై పేర్ల పక్కన ఆ గుర్తులు చేరాక, బృందగానానికి ఏ శ్రుతి పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. సినిమా పాటలు పెద్ద గాయకుల గొంతు కోసం కట్టినవి కనుక చాలావాటి విస్తృతి పిల్లలకు మించిపోతుంది; అసలు శ్రుతిలోనే పాడిస్తే పల్లవి అడుగంటుతుంది, చరణం కేకగా మారుతుంది.

మన కథలో ప్రశ్నకు మోహన రాగపు స్వరాలతో, అంటే స, రి, గ, ప, ధ అన్న అయిదింటితో వరుస కట్టమని నా సూచన. హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి చూస్తే ఆ స్వరాల్లో ఏ రెండూ పక్కపక్క మెట్లు కావు కనుక లేత గొంతులు జారిపోయే చోట్లు తక్కువ. చీమ ఒంటరిగా పాడే పాటను మాత్రం ముందుగా కట్టకూడదు. చీమ ఎవరో తేలాక, ఆ బిడ్డ గొంతులో మెరిసే రెండు మూడు స్వరాల చుట్టూ కట్టాలి.

ఏడు, ఎనిమిది తరగతుల మగపిల్లల విషయంలో ఇంకొంచెం సున్నితం కావాలి. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతున్నప్పుడు నిన్న పలికిన స్వరం ఇవాళ పలకదు. పాట మధ్యలో గొంతు విరిగితే తోటివారు నవ్వుతారు, ఆ నవ్వుతో జన్మలో మళ్లీ పాడనివారున్నారు. అటువంటి పిల్లవాడికి పాలేరు వేషం ఇచ్చి, పాట బదులు లయబద్ధమైన మాటలు, ఒక డప్పు దరువు పెడితే వాడు రంగమంతా తానై నిలబడతాడు.

పాత్రలు పంచేటప్పుడు మన లోపలి అలవాట్లు బయటపడతాయి. తెల్లగా ఉన్నవాడు రాకుమారుడు, నల్లగా ఉన్నవాడు చీమ; మొదటి ర్యాంకు అమ్మాయికి మొదటి వేషం; విరాళమిచ్చిన వారి అబ్బాయికి కిరీటం. ఇవేవీ ఎవరూ పైకి అనరు, జాబితా మాత్రం ఏటా అలాగే తయారవుతుంది. శ్రుతి కాగితం చేతిలో ఉంటే ఈ మొహమాటాల నుంచి కొంత తప్పించుకోవచ్చు. ఆడపిల్లలు రాకుమారులు కావడానికి జంకవలసిన పని లేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా నిలబడి మెప్పించిన రంగస్థలం మనది. ఎంపికకు వచ్చిన ఏ బిడ్డనూ వేషం లేకుండా వెనక్కి పంపకూడదు. అయితే అందరికీ సమానమైన వేషం ఇస్తామని పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. వారు దాన్ని ఇట్టే కనిపెడతారు.

‘మా అమ్మాయికి గడ్డిమేటు వేషమా?’ అని అడిగే తల్లి ప్రతి ఏడూ వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు మాటల్లో కాక రచనలోనే ఉండాలి. నేనైతే గడ్డిమేటును ఎనిమిది మంది పిల్లలతో కడతాను. ఒకే పెద్ద గుడ్డ కింద దాక్కుని, గాలి వీచినప్పుడల్లా ఊగుతూ, ‘ఆవు మేయలేదు’ అన్న ఒక్క సమాధానాన్ని ఎనిమిది గొంతుల్లో, ఒకరి వెనుక ఒకరు అందుకుంటూ పాడతారు. నాటకంలో అందరికంటే కష్టమైన పాట అది.

సాధన గురించి ఎక్కువ చెప్పను. ఆరేడు వారాలు, రోజుకు ముప్పావుగంట. మొదటి రెండు వారాలు పాటలే, కదలికలు ఆ తరువాతే. ప్రధాన వేషాలకు ఇద్దరిద్దరిని సిద్ధం చేసి, ఒకరికి పిల్లల ముందు పగటి ప్రదర్శన, ఇంకొకరికి తల్లిదండ్రుల ముందు సాయంత్రపు ప్రదర్శన ఇస్తే, జ్వరమొచ్చినా ఇబ్బంది ఉండదు, రెండోవారు కేవలం బదులుగా మిగిలిపోరు. మొత్తం నాటకం ముప్పావుగంట మించకూడదు.

రంగస్థలం మీద మాత్రం రెండు విషయాల్లో పట్టు విడవకండి. మొదటిది, వాద్యం ప్రత్యక్షంగా ఉండాలి. ఒక హార్మోనియం, ఒక తబలా లేదా డప్పు చాలు. పిల్ల ఒక పాదం మరచిపోతే హార్మోనియం వాయించే మనిషి అదే స్వరం మీద ఆగి, అందుకునేదాకా తిప్పుతాడు. ముందే రికార్డు చేసిన ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. మైకుల విషయానికి వస్తే, నలభై మందికి కాలర్ మైకులు అద్దెకు తేవడం డబ్బు దండగ. రంగం ముందు అంచున మూడు నాలుగు స్టాండు మైకులు పెట్టి, ఒంటరిగా పాడేవారు అక్కడికి వచ్చి పాడేలా కదలికలు కూర్చుకోవాలి. సౌండ్ బాక్సులు మైకులకు ముందువైపు, ప్రేక్షకుల దిక్కుగా ఉంటే ఆ కీచుమనే కూత చాలావరకు రాదు. ఆరుబయట షామియానా కింద ఆడేటప్పుడు గొంతును తిప్పిపంపే గోడలుండవు కనుక బృందాన్ని దగ్గర దగ్గరగా నిలబెట్టాలి.

రెండోది కార్యక్రమ క్రమం. మన వార్షికోత్సవాల్లో అతిథుల ప్రసంగాలు, శాలువాలు, బహుమతి ప్రదానం ముగిసేసరికి తొమ్మిది దాటుతుంది. అప్పటిదాకా ముఖానికి రంగు పూసుకుని, మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చున్న మూడో తరగతి పిల్ల నిద్రమత్తులో రంగం మీదికి వస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ సాధారణంగా వాడరాదు కనుక, చివరి పాటను తొందరపెట్టి కోసేయవలసి వస్తుంది, ఆ కోత పడేది చీమ మీదే. ప్రధానోపాధ్యాయులను ముందే కలిసి, నాటకం మొదట, ప్రసంగాలు తరువాత అని అచ్చువేసిన ఆహ్వాన పత్రికలోనే రాయించుకోండి. అతిథులు నొచ్చుకుంటారని భయపడతారు గానీ, పిల్లల నాటకం చూశాక మాట్లాడే అతిథి కాస్త తక్కువగా, కాస్త బాగా మాట్లాడతారు.

ప్రసంగం ఇక్కడికి ఆపుతాను. హార్మోనియం ఈ పక్కనే ఉంది. మీలో ఆరుగురు ముందుకు వచ్చి నేల మీద కూర్చుంటే, మీరెవరూ వినని రెండు పాదాలు నేర్పి ముమ్మారు పాడిస్తాను. మిగిలినవారు కాగితం, కలం తీసుకుని ఎవరి శ్రుతి ఏ మెట్టు మీద ఉందో రాసుకోండి. శ్రుతి నేను ఇవ్వను.