927 నుంచి 972కి: మావయ్య రాత్రి రేడియో

మేనకోడలు: అందరికీ నమస్కారం. ఈ రోజు మైకు ముందు మా మావయ్య ఉన్నారు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో నలభై ఏళ్లు టైలరింగ్ చేశారు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే రాత్రి పడుకున్నాక షాపులోంచి మిషన్ చప్పుడు వినపడేది. శనివారం మాత్రం తొమ్మిదిన్నరకి టక్కున ఆగిపోయేది. ఎందుకు మావయ్యా?

మావయ్య: రేడియోలో సంగీతం నేషనల్ ప్రోగ్రాం వచ్చేదమ్మా. 1952లో మొదలైంది అది. మిషన్ తొక్కుతూ వింటే తంబురా వినపడదు. అందుకని చేతి పనంతా దానికోసం దాచుకునేవాణ్ణి. కాజాలు, గుండీలు, చీరలకి ఫాల్స్. పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్లు గుట్టలా ఉండేవి. అయినా ఆ గంటన్నర మిషన్ ముట్టుకునేవాణ్ణి కాదు.

మేనకోడలు: మిగతా రోజుల్లోనూ వినేవాడివి కదా?

మావయ్య: రోజూ వినేవాణ్ణి. విశాఖపట్నం స్టేషన్ 927 కిలోహెర్ట్జ్, కటక్ 972. అంకెలు చూడు, వెనకా ముందూ అయ్యాయంతే. ముల్లు కొంచెం కదిపితే భాష మారిపోతుంది. ఇక్కడ ‘ఆకాశవాణి’, అక్కడ ‘ఆకాశబాణీ’. ఒడిశాలోనే జయపురం స్టేషన్ కూడా ఉండేది, ముల్లు ఇంకా చివరికి తిప్పితే 1467లో. కానీ నా చెయ్యి మాత్రం ఈ రెండింటి మధ్యే తిరిగేది.

మేనకోడలు: పగలు గరగరలాడే స్టేషన్ రాత్రి బాగా వచ్చేదంటావు కదా, దాని గురించి చదివాను. పగలు ఎండకి పైన గాలిలో ఒక పొర తయారై మీడియం వేవ్‌ని మింగేస్తుందట. పొద్దు కుంకాక ఆ పొర పోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పై పొరకి తగిలి, దూరంగా వెళ్లి దిగుతాయి.

మావయ్య: పొర సంగతి తెలీదు గానీ, రేడియోని తిప్పడం తెలుసు. ట్రాన్సిస్టర్‌ని బల్ల మీద కాస్త పక్కకి తిప్పితే కటక్ స్పష్టంగా వచ్చేది. బల్ల మీద చాక్‌పీస్‌తో రెండు గీతలు గీసుకున్నాను, ఒకటి విశాఖకి, ఒకటి కటక్‌కి. మీ అత్త ఎన్నిసార్లు తుడిచేసినా మళ్లీ గీసేవాణ్ణి.

మేనకోడలు: ఆ గీతలు నాకు గుర్తున్నాయి! బట్ట కొలతలవి అనుకునేదాన్ని.

మావయ్య: ఒక రాత్రి సంగతి చెప్తాను. కటక్‌లో ఎవరో పాడుతున్నారు. చాలా నిదానం. మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో తిరిగి తిరిగి మధ్యమం, అదే ‘మ’ మీద వాలుతున్నారు. ఇంతలో వాన, ఉరుములు. చివర్లో అనౌన్సర్ రాగం పేరు చెప్తున్నప్పుడే సరిగ్గా మెరుపు మెరిసి టపటపమంది. పేరు పోయింది.

మేనకోడలు: అయ్యో!

మావయ్య: సూది చేతిలోనే ఉండిపోయింది. ఆ స్వరాలు వారాల తరబడి బుర్రలో తిరిగాయి. పేరు తెలీకపోతే ఎవర్ని అడుగుతాం, ఏమని అడుగుతాం? చివరికి మన గుళ్లో సన్నాయి వాయించే ఆయన దగ్గర నాలుగు ముక్కలు కూనిరాగం తీశాను. ‘ఇది హిందోళమే కదయ్యా’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. హిందోళం నాకు తెలుసు. విశాఖ స్టేషన్‌లో త్యాగరాజస్వామి ‘సామజవరగమన’ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అది ఎంత చలాకీగా ఉంటుంది! ఇదేమో నడిరాత్రి చెరువు గట్టున ఒక్కడూ కూర్చున్నట్టుంది.

మేనకోడలు: ఎవరు గెలిచారు?

మావయ్య: ఇద్దరం. కొన్నాళ్లకి కటక్‌లో మళ్లీ అదే వచ్చింది. ఈసారి ఆకాశం నిర్మలంగా ఉంది. అనౌన్సరమ్మ నెమ్మదిగా చెప్పింది, ‘రాగ మాల్కౌన్స్’ అని. అది హిందుస్తానీ రాగం. స్వరాలు మన కర్ణాటక సంగీతంలోని హిందోళానివే, ఐదూ అవే. నడక వేరు, బరువు వేరు. రెండు స్టేషన్ల మధ్య ఊళ్లో ఉండబట్టి నా అంతట నేను తెలుసుకున్న మొదటి సంగతి అది. మన ఊరు 1936లో ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాలు ఒడియా. చెవికి మాత్రం రెండూ సొంతమే. జయదేవుడి అష్టపది అక్కడ ఒడిస్సీ బాణీలో వచ్చేది. ఇక్కడ మన భజనల్లో ఇంకో వరసలో పాడతారు. పదాలు అవే కదా, చెవి రెంటినీ పోల్చుకుంటూ ఉండేది.

మేనకోడలు: ఇప్పుడు ఫోన్‌లో ఏ రాగం కావాలంటే అది దొరుకుతుంది, పేరు కూడా తెర మీదే ఉంటుంది. మరి రేడియో ఎందుకు?

మావయ్య: తల్లీ, కాజా కుట్టేవాడి కళ్లు సూది మీదుంటాయి, తెర మీద కాదు. పేరు చెవికి చెప్పాలి. పైగా అనౌన్సర్ ఒక్క రాగంతో ఆపరు. తాళం, రచన, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, తంబుర ఎవరు, అన్నీ చెప్తారు. పాట అయ్యాక ఒక్క క్షణం ఊరుకుని చెప్తారే, ఆ క్షణం చాలా ముఖ్యం. వెంటనే మాట్లాడితే చివరి షడ్జం చెవిలో నిలవదు. ఆ సంగతి తెలిసిన అనౌన్సర్లని గొంతుతోనే గుర్తుపట్టేవాణ్ణి. వాళ్లని ఎప్పుడూ చూడలేదు. కానీ నాకు సంగీతం నేర్పింది వాళ్లే.

మేనకోడలు: పక్కవాద్యం పేరు వింటే ఏం తెలుస్తుంది?

మావయ్య: చాలా తెలుస్తుంది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 దాకా సడలించలేదు, ఆ తర్వాత కూడా కొందరికే. కాబట్టి హిందుస్తానీ పాత రికార్డింగుల్లో గాత్రం వెనక సారంగి ఉంటుంది, కమానుతో వాయించే తీగల వాద్యం. స్వరం నుంచి స్వరానికి ఎలా జారుతుందో! హార్మోనియం మెట్లకి అది రాదు కదా. కొత్తగా వినేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు సారంగి పేరు వినపడిన కచేరీలు పట్టుకోండి.

మేనకోడలు: ఇప్పుడు రాత్రిళ్లు ఏం వింటున్నావు?

మావయ్య: నిద్ర ఎలాగూ పట్టదు. నువ్వు ఫోన్‌లో పెట్టిచ్చిన ఆకాశవాణి ‘రాగం’ ఛానల్ వింటున్నాను. 2016 జనవరి 26న మొదలెట్టారు దాన్ని, బెంగళూరు నుంచి వస్తుంది. ఇరవై నాలుగు గంటలూ శాస్త్రీయ సంగీతమే, మన కర్ణాటకమూ ఉంటుంది, హిందుస్తానీ కూడా ఉంటుంది. మా కాలంలో స్టేషన్ పదకొండు దాటాక మూసేసేవారు. మాల్కౌన్స్ అసలు పాడాల్సిన వేళ అర్ధరాత్రి దాటాక. సభల్లో కచేరీ ఆ వేళకి ఎక్కడ ఉంటుంది? అందరూ ఇంటికెళ్లి నిద్రపోతారు. మొన్న రాత్రి ఒంటిగంటకి మంచినీళ్లకి లేచి ఛానల్ పెడితే, సరిగ్గా అదే నడుస్తోంది.

మేనకోడలు: మరి మళ్లీ పడుకున్నావా?

మావయ్య: లేదు, మీ అత్త జాకెట్‌కి రెండు గుండీలు ఊడి ఉన్నాయి. సూది తీసి కూర్చున్నాను.